మన మన్యం – మన జిల్లా

మద్దిలపాలెంలో గది అద్దెకు తీసుకునో, హాస్టల్లో ఉండో చదువుకుంటున్న మన పిల్లల్ని "మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే, చాలామంది "అరకు దగ్గర" అని చెప్పి ఊరుకుంటారు. ముంచింగిపుట్టు వాళ్లదీ అదే జవాబు, కొయ్యూరు వాళ్లదీ అదే జవాబు. అరకు అంటే అవతలివారికి తెలుస్తుంది కదా అని. అందులో తప్పేమీ లేదు. కానీ అరకు అనగానే వాళ్లకు గుర్తొచ్చేది అద్దాల రైలు, బొంగు చికెన్, చలి. మన మన్యం అంతకంటే పెద్దది, మన చరిత్ర అంతకంటే లోతైనది. ఆ సంగతులు మన యువతకు క్లుప్తంగా చెప్పాలన్నదే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

నేల, నీరు, జనం

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. అప్పుడు అందులో చేరినవి 22 మండలాలు. వాటిలో పాత విశాఖ జిల్లా నుంచి వచ్చినవి 11: పాడేరు, అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ పదకొండు మండలాల్లో సుమారు 6 లక్షల మంది ఉన్నారు. పదిమందిలో తొమ్మిదిమంది మనవాళ్లే. భగత, కొండదొర, కోటియా, వాల్మీకి, కమ్మర, నూకదొర, గదబ, పోర్జ, ఖోండు – ఇలా ఎన్నో తెగలు. ఒకే సంతలో తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి వినిపిస్తాయి. గదబల గుతోబ్ భాష ముండా భాషా కుటుంబానికి చెందినది, అంటే తెలుగుతో చుట్టరికం లేనిది.

తూర్పు కనుమల్లో ఎత్తయిన భాగం మనది. మన కొండల్లో పుట్టిన మత్స్యగెడ్డ మాచ్‌ఖండ్‌గా, సీలేరుగా పేరు మార్చుకుంటూ శబరిలో కలిసి చివరికి గోదావరికి చేరుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ బొర్రా గుహల మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అటువైపే పుట్టిన శారద అనకాపల్లి మీదుగా దిగుతుంది. గోస్తనీ మీద తాటిపూడి, శారద మీద రైవాడ జలాశయాలు ఉన్నాయి. విశాఖ నగరానికి తాగునీరు అందించే వాటిలో ఆ రెండూ ఉన్నాయి. ఈ నగరంలో మీరు కుళాయి తిప్పితే వచ్చే నీటిలో మన కొండల వాన కూడా ఉందన్నమాట.

"ఏజెన్సీ" అనే పేరు ఎలా వచ్చింది?

మన ప్రాంతాన్ని అందరూ ఏజెన్సీ అంటారు. ఆ మాట వెనుక ఒక చట్టం ఉంది. మొదట మన కొండలు జయపురం, మాడుగుల, గొలుగొండ వంటి జమీందారీల కింద ఉండేవి. ఊళ్లను కలిపి ముఠాలుగా విభజించి, శిస్తు వసూలును ముఠాదార్లకు అప్పగించేవారు. 1830లలో గంజాం, విశాఖ కొండల్లో తిరుగుబాట్లు చెలరేగాయి. వాటిని అణచిన తర్వాత కంపెనీ ప్రభుత్వం 1839లో ప్రత్యేక చట్టం తెచ్చింది. మామూలు కోర్టులను, నిబంధనలను పక్కనపెట్టి, కలెక్టరుకే "గవర్నరు ఏజెంటు" హోదాతో సర్వాధికారాలు ఇచ్చింది. ఏజెంటు పాలించే ప్రాంతం కాబట్టి ఏజెన్సీ అయింది. అంటే ఆ పేరు మన మేలు కోరి పెట్టింది కాదు, మనల్ని అదుపులో పెట్టడానికి పెట్టింది.

1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద, అడవిలో పశువుల మేత మీద ఆంక్షలు బిగిశాయి. రోడ్ల పనికి మనవాళ్లను చాలీచాలని కూలికి బలవంతాన తోలారు. ఆ మంటలోంచే 1922 పోరాటం పుట్టింది. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌ను, తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లను ముట్టడించి ఆయుధాలు పట్టుకెళ్లింది. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు. రాజు పేరు అందరికీ తెలుసు. ఆయన వెంట నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు మాత్రం పాఠాల్లో ఒక వాక్యం దాటరు. ఆ మల్లుదొర ఏళ్ల తరబడి జైలు శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కొండ మీద తుపాకీ పట్టిన మనిషి ఢిల్లీలో చట్టాలు చేసే సభలో కూర్చున్నారు. ఈ సంగతి మన ప్రతి బిడ్డకూ తెలియాలి.

పంట, పని

మన తాతలకు పోడే జీవనం. సామలు, చోళ్లు, కొర్రలు, కందులు ఒకే చెక్కలో పండేవి. ఇప్పుడు పసుపు, రాజ్‌మా, వలిసెలతోపాటు కాఫీ, మిరియాలు ముఖ్యమైన పంటలయ్యాయి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్టుకే పాకిన మిరియాల పాదు – ఇదీ మన తోట. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. అటవీ ఉత్పత్తులు కొనే గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది.

నగరం మన నుంచి తీసుకున్నదీ తక్కువేమీ కాదు. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం, ఆ తర్వాత సీలేరు కేంద్రాలు మన గెడ్డల మీదే నిలిచాయి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960లలో వేసిన రైలుమార్గం మన కొండలను తొలుచుకుంటూ దిగింది. జలాశయం కింద పొలాలు, ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లలో మనవాళ్లు ఎందరో ఉన్నారు. వెలుగు మాత్రం మన ఊళ్లకు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఆటలో పని, పండుగలో ఊరు

మన థింసా కేవలం వేదికల మీద అతిథులను ఆహ్వానించడానికి పుట్టింది కాదు. పొత్తర్‌తోల ఆకులు ఏరే పనిని చూపుతుంది, బాగ్ థింసా అడవిలో పులి ఎదురైన సందర్భాన్ని చూపుతుంది. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు లేకుండా, స్పీకరులో పాట పెట్టి ఆడితే సగం థింసాయే. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు దారికి అడ్డంగా దుంగ వేసి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండుగ మామూలు వసూలు చేస్తారు. మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతరకు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదులుతాయి.

చట్టం మన చేతికి వచ్చిన కథ

మొదట మనల్ని కట్టేయడానికి గీసిన గీతనే మన పెద్దలు మనకు కాపుదలగా మార్చుకున్నారు. 1917 చట్టం ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుల భూమి ఇతరులకు చెల్లదంది. రాజ్యాంగం అయిదో షెడ్యూలు ఇచ్చింది. 1959 భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, దాన్నే మనం "1/70" అంటున్నాం, ఏజెన్సీలో భూమి గిరిజనులకు తప్ప మరెవరికీ బదిలీ కాకుండా చేశారు. 1997 జూలై 11న, మన బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు దేశంలోని ఆదివాసులందరికీ అండ అయింది.

అయితే వచ్చిన హక్కు పోకుండా ఉంటుందన్న హామీ లేదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను, 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. డీఎస్సీకి చదువుతున్న మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు ఇది చరిత్ర కాదు, రేపటి ఉద్యోగం.

అందుకే మేము అడిగేది చిన్న పని. ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ ఇంటి భూమి కాగితం, అటవీ హక్కుల పట్టా బయటికి తీసి చదవండి. ఎవరి పేరున ఉంది, ఎంత ఉంది, హద్దులు ఏమిటో రాసుకోండి. మీ అవ్వ మాట్లాడే భాషలో గింజల పేర్లు, గెడ్డల పేర్లు అడిగి ఫోనులో రికార్డు చేయండి. గ్రామసభ ఉంటే వెళ్లి కూర్చోండి. ఆ తర్వాత మద్దిలపాలెంలో ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే, అరకు పేరు చెప్పి ఆగిపోకుండా మీ ఊరి పేరే చెప్పండి. అదెక్కడ అని అడిగితే, చెప్పడానికి మన దగ్గర చాలా ఉంది.