వంచన చెల్లే లోకంలో విశ్వాసం: ఈవ్ ఆన్‌లైన్ ఆటగాళ్ల చరిత్ర

ఆటలో జరిగిన యుద్ధాలకూ, ఆటలో కుదిరిన స్నేహాలకూ చరిత్ర అనే గౌరవం దక్కవచ్చునా? 'ఇతిహాస' శబ్దాన్ని విడదీస్తే ఇతి, హ, ఆస అని మూడు మాటలు వస్తాయి. 'ఇది ఇట్లే జరిగింది సుమా' అని దాని తాత్పర్యం. ఒక సంఘటన జరగాలి, దాని ఫలితాన్ని మనుషులు అనుభవించాలి, తరువాతి వారికి చెప్పుకోవాలి. ఈ మూడూ ఉన్నచోట ఇతిహాసం ఉన్నట్లే. ఆ కొలతకు పూర్తిగా నిలిచే అంతర్జాల క్రీడ ఒకటి ఉన్నది. దాని పేరు ఈవ్ ఆన్‌లైన్.

ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో 1997లో ఏర్పడిన సీసీపీ అనే చిన్న సంస్థ దీనికి కర్త. పెట్టుబడి కోసం ఆ సంస్థ మొదట 'హైట్టుస్పిల్', అంటే 'ప్రమాద క్రీడ' అనే బల్లమీది ఆటను 1998లో అమ్మింది. 2003 మే 6న ఈవ్ ఆన్‌లైన్ విడుదలయింది. ఇందులో 'న్యూ ఈడెన్' అనే కల్పిత నక్షత్ర సముదాయం ఉంటుంది. నేడు అందులోని మండలాలు 7,800 దాకా ఉన్నాయి. ఇటువంటి ఇతర క్రీడలలో ఆటగాళ్లను వేరు వేరు ప్రతులలోకి విభజించడం పరిపాటి. ఇక్కడ మాత్రం, చైనాకు వేరుగా నడిపిన ప్రతిని మినహాయిస్తే, అన్ని దేశాలవారూ ఒకే లోకంలో సంచరిస్తారు. కనుక ఒకరు చేసిన పని మరొకరికి తగలక తప్పదు.

గనులు త్రవ్వడం, నౌకలు నిర్మించడం, వర్తకం, దోపిడి, రాజ్యపాలన అన్నీ ఆటగాళ్ల చేతిలోని పనులే. పేలిన నౌక మళ్లీ రాదు. నెలల తరబడి కూడబెట్టినది ఒక్క ఘడియలో పోవచ్చు. అంతకంటె విచిత్రమైన నియమం మరొకటి ఉన్నది. ఆట లోపల మాట తప్పడం, మిత్రుణ్ణి మోసగించడం, శత్రువుల కొలువులో గూఢచారిగా చేరడం నేరాలు కావు. మోసపోయినవాడు నిర్మాతలకు మొరపెట్టుకొన్నా పోయిన సొత్తు తిరిగి రాదు.

ఈ ఆట ఐస్‌లాండ్‌లో పుట్టడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని పోలిక ఆకర్షిస్తుంది. క్రీ.శ. 930లో ఆ దీవివారు 'ఆల్‌థింగ్' అనే సభను నెలకొల్పుకొన్నారు. అక్కడ చట్టం ఉండేది, న్యాయస్థానం ఉండేది, తీర్పును అమలు జరిపే రాజు మాత్రం లేడు. తీర్పు పొందినవాడే దానిని సాధించుకోవాలి. అందువల్ల బంధుబలం, మిత్రబలం, మాటకున్న విలువ ప్రాణాధారాలయినాయి. 13వ శతాబ్ది నాటి సాగాలు అనే గద్యకథలు ఎక్కువగా చెప్పేది ఆ కాలపు పగలనూ, పొత్తులనూ గురించే.

న్యూ ఈడెన్‌లో విశ్వాసఘాతం మొదటిసారి లోకప్రసిద్ధమైనది 2005లో. 'గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్' అనే కిరాయి ముఠా తన మనుషులను మరొక సంఘంలో నెలల తరబడి నమ్మకస్తులుగా నిలిపింది. ఒకనాడు సంకేతం అందగానే వారు ఆ సంఘ నాయకురాలి పాత్ర ప్రయాణిస్తున్న అమూల్యమైన నౌకను కూల్చి, కోశాగారాలను ఊడ్చివేశారు. ఆ నష్టాన్ని నిజమైన ధనంలో సుమారు 16,500 డాలర్లుగా ఆనాడు లెక్కగట్టారు.

2009 ఫిబ్రవరిలో ఇంతకంటె పెద్ద పతనం జరిగింది. 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' అప్పటికి అత్యంత బలిష్ఠమైన కూటమి. దాని బద్ధవిరోధి 'గూన్‌స్వార్మ్'. సామదానభేదదండాలు నాలుగింటిలో దండం ఏళ్ల తరబడి సాధించలేనిదానిని భేదం ఒక్క రాత్రిలో సాధించింది. బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌లో అధికారం గల సభ్యుడొకడు శత్రుపక్షానికి ఫిరాయించి, తన అధికారంతోనే ఆ కూటమిని రద్దు చేశాడు. దాని పేరును సైతం విరోధులు తమ పరం చేసుకొన్నారు. అయితే విజేతల సంబరం ఏడాది నిలిచింది. 2010 ఆరంభంలో గూన్‌స్వార్మ్ నాయకుడే తన కూటమి ధనాన్ని హరించి దానిని విచ్ఛిన్నం చేశాడు. సభ్యులు మాత్రం చెదరలేదు. కొత్త పేరుతో మళ్లీ కూడుకొని, కొద్ది ఏళ్లలోనే మునుపటి బలాన్ని మించారు. కూటమి అంటే పట్టికలో పేరు కాదనీ, ఒకరినొకరు ఎరిగిన మనుషులనీ ఆ రెండు పతనాలు నేర్పాయి.

వంచనకు ఇంత అవకాశమున్న చోట ఎవరూ ఎవరినీ నమ్మరని అనుకొంటాము. అక్కడే 2004లో ఒక పాఠశాల వెలసింది. 'ఈవ్ యూనివర్సిటీ' అనే ఈ సంఘాన్ని స్థాపించినవారు ఆటగాళ్లే. క్రొత్తవారికి నౌకను నడపడం, యుద్ధంలో వరుస తప్పకుండడం, వర్తకంలో మోసపోకుండడం ఉచితంగా బోధించడమే దాని పని. పాఠాలు, విజ్ఞానకోశం అందరికీ తెరచి ఉంచారు. చేరేవారిలో గూఢచారులుంటారని వారికి తెలుసు. పాఠశాల మీద యుద్ధం ప్రకటించినవారూ తక్కువ కాదు. ఇన్ని ఉన్నా రెండు దశాబ్దాలకు పైగా అది నిలిచింది. బడిలో కొంతకాలం గడిపినవారికి ఇందులో ఆశ్చర్యం తోచదు. నేర్చుకొన్నవాడు రేపు ఎవరి పక్షాన నిలుస్తాడో అని లెక్కవేసే గురువు పాఠం చెప్పలేడు.

నిర్మాతలమీద నమ్మకానికీ పరీక్షలు తప్పలేదు. సంస్థ ఉద్యోగి ఒకరు తాను చేరిన కూటమికి అక్రమంగా మేలు చేసినట్లు 2007లో బయటపడి దుమారం రేగింది. మరుసటి ఏడాది, 2008లో, ఆటగాళ్లు ఓట్లతో ఎన్నుకొనే ప్రతినిధి మండలి ఏర్పడింది. 2011 వేసవిలో అలంకార వస్తువులను హెచ్చు ధరలకు అమ్మజూపినప్పుడు మరో తిరుగుబాటు జరిగింది. పాత్ర కంటికి తగిలించే ఒంటికంటి అద్దం ధర అరవై డాలర్ల పైమాటే! వేలమంది జిటా అనే వర్తక కేంద్రంలోని స్మారక విగ్రహాన్ని చుట్టుముట్టి కాల్పులు కురిపించారు. మండలి సభ్యులను సంస్థ ఐస్‌లాండ్‌కు పిలిపించి సంప్రదించింది. ఆ అక్టోబరులో సంస్థాధిపతి హిల్మర్ పీటర్సన్ బహిరంగంగా క్షమాపణ కోరాడు.

2014 జనవరి 27, 28 తేదీలలో బీ-ఆర్5ఆర్‌బీ అనే మండలంలో జరిగిన సంగ్రామం పత్రికలకెక్కింది. ఆ మండలం మీద అధికారానికి చెల్లించవలసిన రుసుము చెల్లకపోవడమే దానికి కారణం! 21 గంటలు సాగిన ఆ పోరులో 7,500 మందికి పైగా పాల్గొన్నారు. టైటాన్లు అనే మహానౌకలు 75 కూలాయి. నష్టం విలువ 3 లక్షల డాలర్లు దాటిందని అంచనా. ఒక్కొక్క టైటాన్ వెనుక ఎందరో కలిసి చేసిన నెలల శ్రమ ఉంటుంది. పోయినది అంకెల రూపంలోని నౌకయినా, దానిని నిర్మించిన సహకారం నిజమైనదే.

ఈ సహకారం ఎంత నిజమో 2012 సెప్టెంబరులో తెలిసివచ్చింది. గూన్‌స్వార్మ్ రాయబారి 'వైల్ ర్యాట్' పాత్రధారి పేరు షాన్ స్మిత్. అతడు అమెరికా విదేశాంగ శాఖ ఉద్యోగి. ఆటగాళ్ల మండలికి ఎన్నికయినవాడు కూడా. లిబియాలోని బెంఘాజీలో సెప్టెంబరు 11 నాటి దాడిలో మరణించాడు. వార్త తెలియగానే న్యూ ఈడెన్ నలుమూలలా ఆటగాళ్లు తమ అంతరిక్ష కేంద్రాలకు అతని పేరు పెట్టారు. వారిలో మిత్రులున్నారు, అతనితో పోరాడినవారూ ఉన్నారు. రాయబారిని శత్రువు సైతం గౌరవించాలన్న నీతి వారికెవరూ బోధించలేదు.

మొలేయా అనే మండలంలో ఆటగాళ్లు ఒక శ్మశానవాటికను ఏర్పరచుకొన్నారు. మరణించిన సహచరుల పేర్లను చిన్న పేటికలకు పెట్టి అక్కడ నిలుపుతారు. ఎవరైనా పోయినప్పుడు వందల నౌకలు ఒకచోట చేరి సంకేత దీపాలు వెలిగిస్తాయి. ఇదే జనం 2022లో యుక్రెయిన్ బాధితుల కోసం ఆటలోని సొత్తును దానమిచ్చి 5 లక్షల డాలర్లకు పైగా సమకూర్చారు. దోచుకోవడానికి అనుమతి గల లోకంలోనివారే ఈ దాతలు.

2014లో రేక్యవిక్ ఓడరేవు దగ్గర ఆటగాళ్ల పేర్లు చెక్కిన స్మారకం ఒకటి వెలసింది. అక్కడ యోధుడికీ, వర్తకుడికీ, దొంగకూ ఒకే పరిమాణంలో పేరు. రాజుల వంశావళికి తప్ప శిలాక్షరం దొరకని కాలాలను చదివినవారికి ఇది చిన్న సంగతి కాదు.

చట్టం బలవంతం చేసిన నిజాయితీని మనం విధేయత అంటాము. మోసం చేసినా శిక్ష లేనిచోట నిలుపుకొన్న మాటకు వేరే పేరు కావాలి. దాని అసలు పేరు విశ్వాసం. న్యూ ఈడెన్ జనులు ఇన్నేళ్లు కలిసి ఆడుతూ అనుభవించిన ఆనందమంతా దాని చుట్టూ అల్లుకొన్నదే. లోకం కల్పితమైనా, ఆ మాట ఇచ్చినవారు మనుషులు. అందువల్లనే అది ఇతిహాసం.