ఉత్తర తెలంగాణమున బడి గ్రంథాలయము

కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల ఉన్నత పాఠశాలలలోని గ్రంథాలయముల పూర్వచరిత్ర నెరుంగగోరువాడు ముందుగా బడి వెలుపలి వీధిని చూడవలెను. ఏలయన నిజాం పాలనలో బడి చదువు ఉర్దూలో సాగెను. తెలుగు పుస్తకము బడికి బయటిది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు శ్రీరాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసిన పిమ్మట, గ్రంథాలయ స్థాపనము ఈ సీమలో కేవల పుస్తక సంగ్రహము గాక మాతృభాషా రక్షణమునకే ప్రథమ సాధనమయ్యెను. సభ జరుపుటకును, ఖాసగీ (ప్రైవేటు) బడి పెట్టుటకును సర్కారు ఇజాజతు (అనుమతి) వలసిన ఆ దినములలో, 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన సిరిసిల్లలో కూడిన నాలుగవ ఆంధ్ర మహాసభ ఆ చైతన్యమును కరీంనగరము జిల్లాకు చేర్చెను.

ఆ సిరిసిల్ల చెంతనున్న హనుమాజీపేటలో 1931లో జన్మించిన కవి సి. నారాయణరెడ్డిగారు సిరిసిల్ల, కరీంనగరములందు ఉర్దూ మాధ్యమమున చదివి, హైదరాబాదు చేరిన పిదప భాషానిలయమున తెలుగు గ్రంథములను తనివితీర పఠించిరి. బడి ఈయజాలని దానిని గ్రంథాలయ మొసగెననుటకు వేరు నిదర్శనమేల?

ఆదిలాబాదు అడవులలో చిక్కు మరియొక విధమైనది. గోండు బాలునకు ఉర్దూవలెనే తెలుగును పరభాషయే. కావుననే 1943లో మార్లవాయియందు మానవశాస్త్రజ్ఞుడగు హైమెండార్ఫు పండితుని ప్రేరణమున ఆరంభమైన గోండు విద్యాపథకము, దేవనాగరి లిపిలో గోండి వాచకములను తానే సిద్ధము చేసికొనవలసి వచ్చెను. పుస్తకము పుట్టనిదే పుస్తకశాల పుట్టదుగదా!

1955 నాటి హైదరాబాదు గ్రంథాలయ శాసనమును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ శాసనమును ఊరి గ్రంథాలయమునకు ఆధారము కల్పించెను. ఇంటిపన్నుతో కూడిన గ్రంథాలయ పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థలను పోషించెను. బడిలోని పుస్తకముల బీరువాకో, అనేక స్థలములయందు తాళపుచెవిని మోయు ఒక ఉపాధ్యాయుని శ్రద్ధయే దిక్కయ్యెను. పాఠములు చెప్పుచునే రిజిస్టరు వ్రాయు ఆయన ఓపికనుబట్టి ఆ బీరువా తెరచుటయో మూయుటయో జరుగును.

అది తెరచియున్న బడిలో దినచర్యయే వేరు. ప్రార్థనకు ముందే వచ్చినవారు వార్తాపత్రికను పంచుకొని చదువుదురు. గ్రంథాలయ పీరియడులో తరగతి యంతయు కథల పుస్తకములకై చేతులు చాచును. మధ్యాహ్న భోజనానంతరము పదవతరగతివారు నిఘంటువును, పాత ప్రశ్నపత్రములను వెదకుదురు. సాయంకాలపు గంట కొట్టిన పిదప బస్సుకై వేచియుండు పల్లెపిల్లలకు అదియే నీడ. పాఠ్యపుస్తకము పరీక్షకు కావలసినది చెప్పును. బాలుడు తనంతట తానడిగినదానికి బదులిచ్చునది గ్రంథాలయమే. నాడు భాషానిలయములు వీధిలో నెరవేర్చిన ఆ ధర్మము నేడు బడిగదిపై బడినది గనుక, వారమున కొక్క పీరియడు తెరచి తక్కిన వేళల తాళము వేయుట ఈ సీమ చరిత్రకు తగిన పని గాదు.