మల్టిపుల్ స్క్లెరోసిస్

మల్టిపుల్ స్క్లెరోసిస్ మెదడు, వెన్నుపాము, దృక్ నాడులలోని నాడీతంతువులపై ఉండే మైలిన్ తొడుగు దెబ్బతినడం వలన కలిగే దీర్ఘకాలిక వ్యాధి. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే సొంత కణజాలంపై దాడి చేస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. సాధారణంగా 20-40 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. పురుషులలో కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది.

పేరు, చరిత్ర

ఫ్రెంచి వైద్యుడు జీన్ మార్టిన్ షార్కో 1868లో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రి రోగులను పరిశీలించి దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించాడు. స్క్లెరోసిస్ అనగా గట్టిపడటం. మెదడులోను, వెన్నుపాములోను అనేక చోట్ల గట్టిపడిన మచ్చలు ఏర్పడతాయి కాబట్టి ఈ పేరు వచ్చింది.

నాడీ వ్యవస్థపై ప్రభావం

నాడీకణం నుండి సంకేతాలను మోసుకుపోయే పొడవైన పోగును అక్షతంతువు అంటారు. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్లు, చాలా అక్షతంతువులకు మైలిన్ అనే కొవ్వు పదార్థపు తొడుగు ఉంటుంది. ఈ తొడుగులో అక్కడక్కడ ఉండే ఖాళీలను రాన్వియర్ కణుపులు అంటారు. సంకేతం ఒక కణుపు నుండి మరొక కణుపుకు గెంతుతూ పోవడం వలన పెద్ద తంతువులలో దాని వేగం సెకనుకు 100 మీటర్ల వరకు ఉంటుంది. మైలిన్ లేని సన్నని తంతువులలో ఇది సుమారు ఒక మీటరు మాత్రమే.

ఈ వ్యాధిలో కొన్ని తెల్లరక్తకణాలు రక్తనాళాల గోడలు దాటి మెదడులోకి చేరి వాపు కలిగిస్తాయి. మైలిన్ ఊడిపోయిన చోట సంకేతం నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది. వాపు తగ్గి, మైలిన్ కొంత తిరిగి ఏర్పడినప్పుడు లక్షణాలు తగ్గుతాయి. అయితే తెగిపోయిన అక్షతంతువు మళ్ళీ మొలవదు. లక్షణాలు లేని కాలంలో కూడా కొత్త మచ్చలు ఏర్పడవచ్చు. అందుచేత కుదుటపడటాన్ని వ్యాధి నయమైనట్లు భావించరాదు.

లక్షణాలు

మచ్చ ఏర్పడిన చోటును బట్టి లక్షణాలు మారుతాయి.

* దృక్ నాడి: ఒక కంటిలో నొప్పి, మసక చూపు, రంగులు వెలిసినట్లు కనిపించడం.
* వెన్నుపాము: కాళ్ళలో తిమ్మిరి, బలహీనత, బిగుసుకుపోవడం, మూత్రం ఆపుకోలేకపోవడం.
* చిన్నమెదడు: నడకలో తూలడం, చేతుల వణుకు, మాట తడబడటం.
* మెదడు కాండం: ఒకే వస్తువు రెండుగా కనిపించడం, తల తిరగడం.

తీవ్రమైన అలసట చాలామందిలో ఉంటుంది. ఇది పైకి కనబడదు కనుక ఇంట్లోవారు, తోటి ఉద్యోగులు దీనిని సోమరితనంగా పొరబడే అవకాశం ఉంది. జ్వరం, ఎండ, వేడినీటి స్నానం వలన లక్షణాలు తాత్కాలికంగా పెరుగుతాయి. దీనిని ఉతాఫ్ లక్షణం అంటారు. ఇది కొత్త నష్టానికి సూచన కాదు. అయినా ఎండలు మండే తెలుగు ప్రాంతాలలో రోగులు వేసవిలో జాగ్రత్త వహించాలి.

రకాలు

సుమారు 85 శాతం మందిలో వ్యాధి మొదట విడతలు విడతలుగా వచ్చి తగ్గుతుంది. వీరిలో కొందరికి తరువాతి కాలంలో వైకల్యం క్రమంగా పెరుగుతుంది. మిగిలినవారిలో ఆరంభం నుండే నెమ్మదిగా ముదురుతుంది.

కారణాలు

జన్యువులు, పొగత్రాగడం, విటమిన్ డి లోపం ముప్పును పెంచుతాయి. అమెరికా సైనికుల రక్త నమూనాలపై జరిగి 2022లో వెలువడిన పరిశోధనలో, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకిన తరువాత ముప్పు 32 రెట్లు పెరిగినట్లు తేలింది. అయితే ఈ వైరస్ పెద్దలలో అత్యధికులకు సోకే ఉంటుంది. వారిలో బహు కొద్దిమందికే ఈ వ్యాధి వస్తుంది.

నిర్ధారణ, చికిత్స

ఎమ్మారై స్కానింగ్, వెన్ను నుండి తీసిన ద్రవ పరీక్ష నిర్ధారణకు తోడ్పడతాయి. దీనిని పోలిన న్యూరోమైలైటిస్ ఆప్టికా కాదని తేల్చుకోవడం ముఖ్యం. ఈ వ్యాధికి వాడే కొన్ని మందులు దానిని మరింత తీవ్రం చేస్తాయి.

పూర్తిగా నయం చేసే మందు లేదు. విడత తీవ్రంగా ఉన్నప్పుడు స్టీరాయిడ్లు ఇస్తారు. విడతలను తగ్గించే మందులలో మొదటిదైన ఇంటర్‌ఫెరాన్ బీటా-1బికి 1993లో అమెరికాలో అనుమతి లభించింది. మొదటి నుండే ముదిరే రకానికి తొలి మందుగా ఓక్రెలిజుమాబ్ అక్కడే 2017లో ఆమోదం పొందింది. అక్షతంతువులు తెగిపోకముందే చికిత్స మొదలుపెట్టడం వలన మేలు ఎక్కువ. ఫిజియోథెరపీ కూడా ఉపకరిస్తుంది.

భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఈ వ్యాధి ఒకటి.