ఖరగ్‌పూర్ వంటింట్లో బ్రెడ్, గవ్వలు, గులాబీ పువ్వులు: ఒకే పిండి, పలు పేర్లు

ఖరగ్‌పూర్: పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో డిసెంబరు చివరి వారం నుంచి జనవరి మధ్య వరకు పిండివంటల కాలం. క్రిస్మస్‌కు ఆంగ్లో-ఇండియన్ ఇళ్లలో కేకు, కుల్‌కుల్, రోజ్ కుకీలు చేస్తారు. సంక్రాంతికి తెలుగు ఇళ్లలో అరిసెలు, గవ్వలు వండుతారు. అదే సమయంలో బెంగాలీలు పౌష సంక్రాంతికి కొత్త ఖర్జూర బెల్లంతో పిఠాలు చేసుకుంటారు. పండుగలు, పేర్లు వేరైనా ఈ వంటల్లో కొన్నింటికి పిండి ఒకటే, పద్ధతీ ఒకటే. ఆ పోలికలను, ఇంట్లో బ్రెడ్ కాల్చుకునే విధానాన్ని ఈ కథనం వివరిస్తుంది.

రైలు తెచ్చిన ఇరుగుపొరుగు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 19వ శతాబ్దం చివరి సంవత్సరాల్లో ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా, వర్క్‌షాప్ కేంద్రంగా అభివృద్ధి చేసింది. కలకత్తాను మద్రాసుతో కలిపే తూర్పు తీర మార్గం ఇక్కడి నుంచే సాగుతుంది. ఆ దారిన నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి కార్మికులు పెద్ద సంఖ్యలో ఉపాధికి వచ్చారు. వారి సంతతి నేటికీ పట్టణ జనాభాలో ముఖ్య భాగం. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్‌ల ఉద్యోగాల్లో ఆంగ్లో-ఇండియన్లు స్థిరపడ్డారు. బెంగాలీ, ఒడియా, హిందీ, తమిళం మాట్లాడే కుటుంబాలు కూడా తోడు కావడంతో ఖరగ్‌పూర్‌కు ‘మినీ ఇండియా’ అనే పేరు వచ్చింది.

‘పావు’ అంటే పాదం కాదు

బ్రెడ్‌ను బెంగాలీలో ‘పావురుటి’ అంటారు. కాళ్లతో తొక్కి పిండి కలుపుతారు కనుకనే ఆ పేరు వచ్చిందని జనంలో ఒక వాడుక ఉంది. ఇది ధ్వని సామ్యం వల్ల పుట్టిన ఊహ మాత్రమే. పోర్చుగీసు భాషలో రొట్టెను ‘పావ్’ అంటారు. హుగ్లీ తీరంలోని బాండేల్ వంటి స్థావరాల ద్వారా బెంగాల్‌లో ప్రవేశించిన పోర్చుగీసులు ఆ మాటను ఇక్కడ వదిలి వెళ్లారు. మరాఠీలోని ‘పావ్’ కూడా అదే. విదేశీ పదానికి దేశీ ‘రుటి’ చేరి బెంగాలీలో ఒక్క మాటగా స్థిరపడింది. తెలుగులో ‘డబల్ రొట్టె’ అనే మాట హిందీ, ఉర్దూల మీదుగా రాగా, నేటి వాడుకలో ‘బ్రెడ్’ నిలిచింది.

గవ్వలు, కుల్‌కుల్

ఉత్తరాంధ్ర సంక్రాంతి పళ్లెంలో బెల్లం గవ్వలకు స్థానం ఉంటుంది. గట్టిగా కలిపిన పిండిని చిన్న ఉండలుగా చేసి, గీతలున్న గవ్వల చెక్కపై బొటనవేలితో నొక్కి చుడతారు. నూనెలో వేయించి బెల్లం పాకంలో వేస్తారు. గోవా క్రైస్తవులు, ఆంగ్లో-ఇండియన్లు క్రిస్మస్‌కు చేసే కుల్‌కుల్‌లోనూ ఇదే చేతి కదలిక కనిపిస్తుంది. అక్కడ గవ్వల చెక్క స్థానంలో ఫోర్కు వెనుక భాగం లేదా శుభ్రమైన దువ్వెన వాడతారు. పిండిలో కొబ్బరి పాలు లేదా గుడ్డు చేరుతుంది. పైపూతకు బెల్లం బదులు పంచదార వాడతారు.

గీతలు అందం కోసమే కాదు. చుట్టిన పిండి పలుచగా, లోపల బోలుగా ఉండటంతో నూనె వేడి అన్ని వైపులా తగిలి మధ్య భాగం పచ్చిగా మిగలదు. గీతల మధ్య పాకం నిలుస్తుంది. ఒక వంట నుంచి మరొకటి పుట్టిందని చెప్పడానికి ఈ పోలిక ఒక్కటే చాలదు. ఒకే అవసరానికి రెండు వంటిళ్లు ఒకే ఉపాయాన్ని ఎంచుకున్నాయని మాత్రం చెప్పవచ్చు.

గులాబీ పువ్వులు, రోజ్ కుకీలు

ఆంగ్లో-ఇండియన్ల రోజ్ కుకీ, తెలుగువారి గులాబీ పువ్వు, కేరళలోని అచ్చప్పం, తమిళుల అచ్చు మురుక్కు, శ్రీలంకలోని కోకిస్ ఒకే కుటుంబానికి చెందినవి. అన్నింటికీ పొడవాటి కాడ ఉన్న పువ్వు అచ్చే ఆధారం. మైదా లేదా బియ్యప్పిండి, పంచదార, గుడ్డు లేదా కొబ్బరి పాలతో పిండిని జారుగా కలుపుతారు. ‘కోకిస్’ అనే పేరు చిరుతిండిని సూచించే డచ్చి మాట నుంచి వచ్చింది. స్కాండినేవియా దేశాల్లోనూ ఇటువంటి అచ్చుతో క్రిస్మస్ పిండివంట చేస్తారు.

అచ్చును ముందుగా కాగిన నూనెలో ఉంచి వేడి చేయాలి. ఆ తరువాత పిండిలో ముప్పావు వంతు మాత్రమే ముంచాలి. పై అంచు కూడా మునిగితే పువ్వు అచ్చును వదలదు. అచ్చు చల్లగా ఉంటే పిండి అంటుకోదు. కొత్త ఇనుప అచ్చును రాత్రంతా నూనెలో ఉంచి వాడటం మంచిది.

ఇంట్లో బ్రెడ్: కొలతలు

చిన్న బ్రెడ్‌కు మైదా 250 గ్రాములు, గోరువెచ్చని నీరు 155 నుంచి 160 మిల్లీలీటర్లు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు, పంచదార 10 గ్రాములు, నూనె లేదా వెన్న 15 గ్రాములు కావాలి. గోధుమపిండి వాడదలిస్తే మొదట సగం మైదాతో కలపడం మేలు. పొట్టు ఉన్న పిండి నీటిని ఎక్కువగా పీల్చుకుంటుంది, తక్కువగా పొంగుతుంది.

నీరు 35 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలు. 60 డిగ్రీలకు చేరితే ఈస్ట్ చనిపోతుంది. పిండిని 10 నిమిషాల పాటు బాగా పిసకాలి. అప్పుడు గోధుమలోని మాంసకృత్తులు గ్లూటెన్ అనే సాగే వలగా మారతాయి. ఈస్ట్ విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్‌ను ఆ వల పట్టి ఉంచడం వల్లనే బ్రెడ్ పొంగుతుంది.

గడియారం కంటే పిండి పరిమాణమే ప్రమాణం. బెంగాల్ వేసవిలో ముప్పావు గంటకే రెట్టింపయ్యే పిండి జనవరిలో రెండు గంటలు తీసుకోవచ్చు. వర్షాకాలంలో పిండికి తేమ పడుతుంది కనుక నీటిని ఒక టేబుల్‌స్పూను తగ్గించి, అవసరమైతే తరువాత కలపాలి. రెట్టింపైన పిండిని నొక్కి, చుట్టి, నూనె రాసిన గిన్నెలో మరోసారి పొంగనివ్వాలి. 190 డిగ్రీల వద్ద సుమారు 30 నిమిషాలు కాల్చాలి. అడుగున తట్టినప్పుడు బోలు శబ్దం వస్తే బ్రెడ్ కాలినట్లే. పూర్తిగా చల్లారక ముందే కోస్తే లోపల జిగటగా ఉంటుంది.

ఓవెన్ లేకపోతే

మందపాటి అడుగున్న పాత గిన్నెలో రెండు సెంటీమీటర్ల మేర ఉప్పు లేదా శుభ్రమైన ఇసుక పరిచి, మధ్యలో స్టాండు ఉంచి, మూతపెట్టి 10 నిమిషాలు వేడి చేయాలి. పిండి ఉన్న గిన్నెను దానిపై ఉంచి సన్నని మంటపై 35 నుంచి 45 నిమిషాలు కాల్చాలి. ప్రెషర్ కుక్కర్ వాడితే విజిల్‌ను, మూతలోని రబ్బరు రింగును తప్పనిసరిగా తీసివేయాలి. నీరు లేకుండా ఎక్కువసేపు వేడిచేయడం వల్ల కుక్కర్ పాడయ్యే అవకాశం ఉంది. రోజువారీ వంటకు వాడే కుక్కర్‌ను ఇందుకు ఉపయోగించకపోవడమే క్షేమం. ఈ పద్ధతిలో పైభాగం ఎర్రబడదు. చివర్లో బ్రెడ్‌ను తిప్పి పెనంపై రెండు నిమిషాలు కాల్చితే రంగు వస్తుంది.

కేకుకు ఈస్ట్ అక్కరలేదు. బేకింగ్ పౌడర్ లేదా పెరుగు, వంటసోడా కలయిక వాయువును ఇస్తుంది. అది వెంటనే వెలువడటం మొదలవుతుంది కనుక కలిపిన పిండిని నిలవ ఉంచకూడదు. క్రిస్మస్ కేకులో వేసే ఎండు పండ్లను రమ్ములో నానబెట్టడం ఆంగ్లో-ఇండియన్ల ఆచారం. మద్యం వద్దనుకునేవారు నారింజ రసంలో నానబెట్టి, కేకును త్వరగా వినియోగించాలి.

చేతి కొలతలు కాగితంపైకి

2020 సంవత్సరం ఖరగ్‌పూర్‌లోని ఈ రెండు సమాజాలకూ గుర్తుండేది. 104వ రాజ్యాంగ సవరణతో లోక్‌సభ, శాసనసభల్లో ఆంగ్లో-ఇండియన్ల నామినేషన్ విధానం ఆ ఏడాది జనవరిలో ముగిసింది. డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించేందుకు ఆమోదం తెలిపింది.

స్వాతంత్ర్యానంతరం అనేక ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా దేశాలకు తరలివెళ్లాయి. తెలుగు కుటుంబాల్లోని కొత్త తరం కూడా ఉద్యోగాల కోసం ఇతర నగరాలకు వెళుతోంది. ‘గుప్పెడు’, ‘చారెడు’, ‘పాకం వచ్చేదాకా’ అనే కొలతలు చేసేవారి చేతిలోనే ఉంటాయి. వారు లేకపోతే గవ్వల చెక్క మిగిలినా గవ్వ మిగలదు.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. పెద్దలు వండుతున్నప్పుడే ప్రతి గుప్పెడును తూకం వేసి గ్రాముల్లో రాసుకోవాలి. పాకం ఏ దశలో దించారో, పిండి ఎంతసేపు నానిందో, నెల ఏదో నమోదు చేయాలి. వంటకు ఇంట్లో వాడే పేరుతో పాటు పొరుగువారు పిలిచే పేరునూ పక్కనే రాయాలి. ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో ఆ రెండో పేరు కూడా వంటలో భాగమే.