పాటల పుస్తకము
1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు చిత్రము మాటలు నేర్చిన పిమ్మట, తాము మెచ్చిన చిత్రమును గూర్చి పొరుగువారితో చెప్పుకొని మురియుటకు మనవారికి దొరకిన సాధనములలో మేలైనది, సినిమాహాలు వాకిట అణా బేడలకు అమ్ముడువోయిన పాటల పుస్తకము. పలుచని కాగితముపై నటీనటుల పేర్లు, కథాసంగ్రహము, పాటలు ముద్రించియుండెడివి. ఆ కథ సరిగా నాయిక ఆపదలో చిక్కినచోటనే తెగిపోయి, శేషము వెండితెరపై చూడుడని ముగియుట ప్రకాశకుల గడుసుదనము. 1951లో 'మల్లీశ్వరి' వెలువడినపుడు, పాటలు కంఠస్థమైన ఇల్లాండ్రు ఆ పుస్తకమును పోపులడబ్బా చాటున దాచుకొని, చిత్రము చూడని చెల్లెండ్రకు పాడి వినిపించుచు, తమ్ము కట్టిపడవైచినది భానుమతి గాత్రమా, రాజేశ్వరరావు బాణీయా యని వాదించుకొనెడివారు. పత్రికా విమర్శలకంటె ఈ వాదములయందే రసజ్ఞత హెచ్చని నా తలంపు. మీ యింటి పాతపెట్టెలలో అట్టి పుస్తకమొక్కటి మిగిలియున్నచో, దానిని చెదలకు వదలకుడు.