బిబ్‌ఫ్రేమ్

బిబ్‌ఫ్రేమ్ అనేది గ్రంథాలయాలలోని పుస్తకాలు, పత్రికలు తదితర సామగ్రి వివరాలను కంప్యూటర్లలో పొందుపరచడానికి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రూపొందించిన ప్రమాణము. 1960వ దశకము నుండి వాడుకలో ఉన్న మార్క్ అనే ప్రమాణము స్థానములో దీనిని క్రమంగా ప్రవేశపెట్టాలన్నది ఉద్దేశ్యము. మార్క్ పద్ధతిలో ఒక్కొక్క పుస్తకానికి కార్డు వంటి ఒక నమోదు ఉంటుంది. బిబ్‌ఫ్రేమ్‌లో రచన, రచయిత, ప్రచురణ, విషయము అనేవాటిని వేర్వేరుగా గుర్తించి, వాటి మధ్య గల సంబంధాలను చూపుతారు. ఇది సెమాంటిక్ వెబ్ సాంకేతికతపై ఆధారపడినది.

నేపథ్యము

ఒక వస్తువును గూర్చిన వివరాలను మెటాడేటా అంటారు. పుస్తకము పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరము, పుటల సంఖ్య, విషయము ఇవన్నీ పుస్తకమునకు మెటాడేటా. పూర్వము ఈ వివరాలను కార్డులపై వ్రాసి సొరుగులలో అమర్చేవారు.

మార్క్

కార్డులలోని వివరాలను యంత్రాలు చదువగలిగేటట్లు చేయడానికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1966లో మార్క్‌ను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. దీనికి సారథ్యం వహించిన హెన్రియెట్ ఏవ్రమ్ (1919-2006) సిస్టమ్స్ అనలిస్ట్‌గా ఆ సంస్థలో చేరారు. 1969 నుండి మార్క్ నమోదులను అయస్కాంత టేపులపై ఇతర గ్రంథాలయాలకు పంపసాగారు. ఒకచోట తయారైన నమోదును మరొకచోట వాడుకొనే వీలు కలగడంతో ఎంతో శ్రమ తగ్గింది. అమెరికా, కెనడా రూపాలను కలిపి 1999లో మార్క్ 21గా వెలువరించారు.

ఇందులో ప్రతి వివరానికీ మూడంకెల సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు 100 రచయితను, 245 పుస్తకము పేరును, 650 విషయమును సూచిస్తాయి.

మార్క్ పరిమితులు

మార్క్‌లో రచయిత పేరు ప్రధానంగా కొన్ని అక్షరాల వరుస మాత్రమే. ఆ వరుస మారితే వ్యక్తి ఒకరేనని యంత్రము తనంతట తాను గ్రహించలేదు. మార్క్ కోసం తొలుత ఏర్పరచిన అక్షర సముదాయములో తెలుగు లిపి లేదు. అందువలన అమెరికా గ్రంథాలయాలలో తెలుగు పుస్తకాల వివరాలను రోమన్ లిపిలో వ్రాసేవారు. ఆ లిప్యంతరీకరణ నియమాలు తెలియని పాఠకునికి పుస్తకము ఉన్నా దొరకకపోవచ్చు. తరువాత యూనికోడ్‌ను అనుమతించడంతో తెలుగు లిపిలో వ్రాయడం సాధ్యమైంది.

మార్క్ నమోదులు గ్రంథాలయాల వెలుపలి కంప్యూటర్ వ్యవస్థలకు అంతగా పనికిరావు అన్నది మరొక విమర్శ. 2002లో రాయ్ టెనంట్ మార్క్‌కు కాలం చెల్లాలని లైబ్రరీ జర్నల్ పత్రికలో వ్రాశారు.

సెమాంటిక్ వెబ్

వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన ఈ విధానములో సమాచారాన్ని యంత్రాలకు అర్థమయ్యే చిన్న వాక్యాలుగా విడగొడతారు. 1999లో ప్రమాణముగా ఆమోదం పొందిన ఆర్.డి.ఎఫ్. ప్రకారము ప్రతి వాక్యానికి మూడు భాగాలు. వ్యాకరణములోని కర్త, క్రియ, కర్మలతో వీటిని పోల్చవచ్చు: "గురజాడ అప్పారావు - రచయిత - కన్యాశుల్కము". ఇందులో గురజాడకు, నాటకమునకు, వాటి సంబంధానికి కూడా వెబ్ చిరునామా వంటి గుర్తింపు ఉంటుంది. పేరు తెలుగులో ఉన్నా, రోమన్ లిపిలో ఉన్నా గుర్తింపు ఒక్కటే. అందువలన ఏ లిపిలో వెదికినా అదే వ్యక్తిని చేరుకోవచ్చు.

బిబ్‌ఫ్రేమ్ నిర్మాణము

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ ప్రయత్నాన్ని 2011లో ప్రకటించి, 2012లో తొలి నమూనాను, 2016లో రెండవ రూపాంతరమును విడుదల చేసింది. ఇందులో మూడు అంచెలు కలవు.

1. రచన: రచయిత సృష్టించిన మేధోరూపము.
2. ప్రచురణ: ఆ రచన అచ్చులోనో, ఎలక్ట్రానిక్ రూపంలోనో వెలువడిన విధము.
3. ప్రతి: ఒక గ్రంథాలయపు అరలో ఉన్న పుస్తకము.

కన్యాశుల్కము 1897లో తొలిసారి అచ్చయింది. గురజాడ దానిని చాలావరకు తిరగవ్రాసి 1909లో రెండవ కూర్పును వెలువరించారు. ఇవి ఒకే రచనకు రెండు ప్రచురణలా, లేక సంబంధము గల రెండు రచనలా అన్నది కేటలాగు తయారుచేసేవారే నిర్ణయించాలి. ఆ తేడాను స్పష్టంగా చూపితేనే పరిశోధక విద్యార్థి తనకు కావలసిన పాఠమును గుర్తించగలుగుతాడు.

అమలు, విమర్శలు

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2009లో తన విషయ శీర్షికలకు వెబ్ గుర్తింపులు ఇచ్చి అందరికీ అందుబాటులో ఉంచింది. స్వీడన్ జాతీయ గ్రంథాలయము 2018లో తన ఉమ్మడి కేటలాగును బిబ్‌ఫ్రేమ్‌పై ఆధారపడిన వ్యవస్థకు మార్చింది.

అయినప్పటికీ మార్క్ వాడుక నేటికీ విస్తారముగా ఉన్నది. భారతదేశములోని అనేక గ్రంథాలయాలు వాడుతున్న కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా మార్క్‌నే అనుసరిస్తుంది. పాత నమోదులను మార్చేటప్పుడు కొన్ని వివరాలు పోయే ప్రమాదము ఉన్నదని, సిబ్బంది శిక్షణకయ్యే ఖర్చు చిన్న గ్రంథాలయాలకు భారమని విమర్శలు కలవు. పాత నమోదులో ఇద్దరు రచయితలను ఒకరిగా పొరబడి ఉంటే, కొత్త పద్ధతిలోకి మార్చినా ఆ పొరపాటు అలాగే కొనసాగుతుంది. పైగా సమాచారము ఇతర వ్యవస్థలతో ముడిపడి ఉండటం వలన అది మరింత దూరము వ్యాపిస్తుంది. అందుచేత మార్పిడితో పాటు పాత నమోదుల పరిశీలన కూడా అవసరమవుతుంది.