నాలుగు దినాలకూ మూడేండ్లకూ తేడా

బడి విలీనం మాట ఇప్పుడు ఊరూరా వినబడుతోంది కాబట్టి ఒక సంగతి గుర్తు చేస్తా. మరీ పాతది కాదు. 2021 నవంబర్ 8న మన అనంతపురంలోనే, ఎస్‌ఎస్‌బీఎన్ కాలేజీ దగ్గర జరిగింది.

ఎయిడెడ్ కాలేజీ అంటే నడిపేది యాజమాన్యం, అయ్యవార్లకు జీతమిచ్చేది సర్కారు. అందుకే ఫీజు తక్కువ. శెనక్కాయ ఎండిపోయిన ఏడు కూడా మన బిడ్డలు డిగ్రీ చదివింది అట్లాంటి చోటే. ఆ ఏడు ఆగస్టులో ప్రభుత్వం యాజమాన్యాలకు రెండు దారులు చూపింది. ఆస్తులతో సహా సంస్థను సర్కారుకు అప్పజెప్పాల, లేదంటే ఎయిడెడ్ సిబ్బందిని వదులుకొని ప్రైవేటుగా నడుపుకోవాల. ప్రైవేటైతే ఫీజు పెరుగుతుందని పిల్లోళ్లు రోడ్డెక్కినారు. పోలీసులు లాఠీలెత్తినారు. ఒక విద్యార్థిని తలకు గాయమైంది. అది రాష్ట్రమంతా చూసింది. నవంబర్ 12న ప్రభుత్వం మెమో ఇచ్చింది: ముందు ఒప్పుకున్న యాజమాన్యాలు కూడా మాట వెనక్కి తీసుకొని ఎయిడెడ్‌గానే ఉండొచ్చని. సరిగ్గా నాలుగు దినాలు.

మరుసటి ఏడు జూన్‌లో 117 జీవో వచ్చింది. చిన్న బడుల్లోని 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లకు కలిపే పని దాంతో ఊపందుకుంది. జూలైలో బడులు తెరిచినప్పుడు చాలా ఊర్లలో తల్లిదండ్రులు, పిల్లోళ్లు ధర్నా చేసినారు. అయినా ఆ జీవో రద్దయింది 2025 మేలో. అప్పుడు మూడులో ఉన్న పిల్లోడు ఆలోగా ఐదు ముగించేసినాడు. వాని చదువుకు ఆ రద్దు పనికిరాలేదు.

ఎందుకింత తేడా? డిగ్రీ పిల్లోళ్లకు నోరుంది, సంఘాలున్నాయి. ఎనిమిదేండ్ల బిడ్డ రోడ్డు దాటి ఇంకో బడికి పోవాలంటే భయమని ఎవరికి చెప్పుకుంటుంది? దాని తరఫున మాట్లాడాల్సింది మనమే. మనమేమో కొన్ని ఊర్లలో లేచినాం, కొన్ని ఊర్లలో ప్రైవేటు బస్సెక్కించి ఊరుకున్నాం. అట్లా పిల్లోళ్ల సంఖ్య తగ్గితే, ఆ సంఖ్యనే చూపించి బడిని ఎత్తేస్తారు.

విద్యాహక్కు చట్టం నిబంధనల్లో ప్రాథమిక బడి కిలోమీటరు లోపలుండాలని రాసుంది. తల్లిదండ్రుల కమిటీ కూడా మన చేతిలోనే ఉంది. కాలువకు నీళ్లు రాకుంటే పనులు పక్కన పెట్టి పోతాం కదా. బడి మీటింగు ఉందంటే కూడా అట్లే పోదాం.